పొరుగింటి పిల్లి, మన పెరటి మడి

పల్లెటూరి ఇంటికి పెరడు సగం వంటగది వంటిది. కొత్తిమీర, మెంతికూర, తోటకూర మళ్ళు, నాలుగు వంగ మొక్కలు, పందిరి మీద ఒక బీరపాదు ఉంటే కూరకు వెతుక్కోవలసిన పని ఉండదు. అటువంటి పెరటిలో నేల త్రవ్వి, మన్ను చిదిపి, విత్తనం చల్లిన మరునాటి ఉదయానికి మడి మధ్య గుంట తీసి ఉండడం, మొలకలు పెళ్ళగించబడి ఉండడం, దుర్గంధం రావడం చాలా కుటుంబాలకు అనుభవమే. పిల్లి పొరుగువారిది, మడి మనది. కోపం రావడం సహజం.

సరిహద్దు గ్రామాలలో ఈ చిన్న విషయానికి మరొక ముడి కూడా ఉన్నది. పావగడ, బాగేపల్లి ప్రాంతాలలో ప్రక్కింటివారు కన్నడిగులు కావచ్చు. హోసూరు, తిరుత్తణి వైపు తమిళులు, పర్లాకిమిడి, బరంపురం వైపు ఒడియావారు, సిరోంచ, రాజురా వైపు మరాఠీవారు కావచ్చు. ఒకే భాష మాట్లాడే ఇరువురి మధ్య నవ్వుతో తేలిపోయే మాట, రెండు భాషల మధ్య తగవుగా మారే అవకాశం ఎక్కువ. కనుక ఈ సమస్యను మూడు వైపుల నుంచి పరిశీలించవలసి ఉన్నది: నేలను కాపాడుకొనడం, ఇంటిల్లిపాది ఆరోగ్యాన్ని కాపాడుకొనడం, ఇరుగుపొరుగు సంబంధాన్ని కాపాడుకొనడం.

పిల్లి మన మడినే ఎందుకు ఎంచుకొంటుంది?

పిల్లికి మన మీద పగ లేదు. మలవిసర్జన తరువాత దానిని మట్టితో కప్పివేయడం ఆ జంతువుకు పుట్టుకతో వచ్చిన అలవాటు. కాలితో సులువుగా గీకడానికి వీలుగా పొడిగా, వదులుగా, మెత్తగా ఉన్న నేల దానికి కావాలి. కొత్తగా చిదిపిన విత్తనాల మడి, ఇంటి నిర్మాణానికి తెచ్చిన ఇసుక కుప్ప, ధాన్యం ఊక, పొయ్యి బూడిద పోసిన గుంట దానికి సరిగ్గా సరిపోతాయి. ఒకసారి వాడిన చోట వాసన నిలుస్తుంది; ఆ వాసనే దానిని మళ్ళీ అక్కడికి రప్పిస్తుంది. ఈ రెండు కారణాలు తెలిస్తే పరిష్కారం సగం తెలిసినట్లే. నేల పిల్లికి అనుకూలంగా లేకుండా చేయాలి. పాత వాసన లేకుండా చేయాలి.

దీనికి తోడు ఆహారం. పెరటిలో పారవేసిన చేపల తలలు, పొలుసులు, మిగిలిన అన్నం, మూతలేని పాలగిన్నె, గాదె క్రింద చేరిన ఎలుకలు పిల్లిని రప్పిస్తాయి. యానాం వంటి గోదావరి తీర ప్రాంతాలలో చేపలు శుభ్రపరిచిన నీటిని పెరటిలోనే పారబోసే అలవాటు ఉన్నవారు ఈ సంగతి ప్రత్యేకంగా గమనించాలి.

మరొక కారణం చాలామందికి తెలియదు. కుప్పింటాకు అనే కలుపుమొక్క మన పెరళ్ళలో తరచుగా మొలుస్తుంది. కన్నడంలో కుప్పిగిడ, తమిళంలో కుప్పైమేని అంటారు. దీని వేరు వాసనకు పిల్లులు ఆకర్షితమై దాని చుట్టూ పొర్లాడతాయి. ఈ మొక్కను పీకి వేళ్ళు పైకి కనబడేలా మడి గట్టు మీద వదిలివేస్తే పిల్లులను మనమే పిలిచినట్లవుతుంది. పీకిన మొక్కలను దూరంగా పారవేయాలి.

అది పిల్లి పనేనా?

పొరుగువారిని అడగడానికి ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. మట్టితో కప్పి ఉన్న మలం సాధారణంగా పిల్లిది. కప్పకుండా వదిలినది కుక్కది కావచ్చు. గోడ మీద, ఇంటి కప్పు మీద, చెట్టు మొదట పండ్ల గింజలతో నిండిన మలం కనబడితే అది తాటిచెట్ల మీద తిరిగే మానుపిల్లిది కావచ్చు. చెరకు తోటలకు, చెరువు గట్లకు దగ్గరగా ఉన్న ఊళ్ళలో అడవిపిల్లి కూడా రాత్రివేళ వస్తుంది. ఈ రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షణ పొందిన జంతువులు. వాటిని పట్టడం, చంపడం నేరం. మడి అంచున సన్నని ఇసుకను పలుచగా పరచి ఉంచితే ఉదయానికి అడుగుజాడలు తెలుస్తాయి. పిల్లి గోళ్ళను లోపలికి ముడుచుకొని నడుస్తుంది కనుక దాని జాడలో గోళ్ళ గుర్తులు ఉండవు. కుక్క జాడలో ఉంటాయి.

గోడ మీద, తలుపు మీద, తులసికోట మీద నిలువుగా చిమ్మినట్లు మూత్రం కనబడితే అది గండుపిల్లి తన హద్దును చాటుకొనే గుర్తు. మడిలోని మలానికీ దీనికీ కారణాలు వేరు. దీనికి పరిష్కారం తరువాత చెప్పబడింది.

ఆరోగ్యానికి ముప్పు ఎంత?

భయపడవలసినంత లేదు, నిర్లక్ష్యం చేయదగినంత తక్కువా కాదు. పిల్లి మలం ద్వారా వ్యాపించే వాటిలో ముఖ్యమైనది టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి. దీనిని 1908లో ట్యునీషియాలో ఒక ఎలుకజాతి జంతువులో మొదట గుర్తించారు. దాని జీవితచక్రంలో పిల్లికి ఉన్న పాత్ర 1970 ప్రాంతంలో గాని స్పష్టం కాలేదు. ఎలుకలను, పిట్టలను వేటాడడం మొదలుపెట్టిన పిల్లికి ఇది సోకుతుంది. తొలిసారి సోకినపుడు సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల వరకు మలంలో ఈ జీవి గుడ్లవంటి కణాలు వెలువడతాయి. అవి వెలువడిన వెంటనే సోకవు. ఒకటి నుంచి ఐదు రోజులలో సోకే శక్తిని పొందుతాయి. అందువలన మలాన్ని ఏ రోజుకారోజు తీసివేయడం చాలా ముఖ్యం. తీయక వదిలివేస్తే తేమగల మట్టిలో ఆ కణాలు ఏడాదికి పైగా కూడా బ్రతికి ఉండగలవు. బ్లీచింగ్ పొడి చల్లినంత మాత్రాన అవి నశించవు, వేడికి నశిస్తాయి.

ఆరోగ్యవంతులకు ఇది సోకినా చాలామందిలో ఏ లక్షణమూ కనబడదు. కొందరికి స్వల్ప జ్వరం, మెడ వద్ద గ్రంథుల వాపు రావచ్చు. గర్భిణికి గర్భధారణ సమయంలో తొలిసారి సోకితే మాత్రం అది కడుపులోని శిశువుకు చేరి, గర్భస్రావానికి గాని, శిశువు కంటికి, మెదడుకు హాని కలగడానికి గాని కారణం కావచ్చు. వ్యాధినిరోధక శక్తి బాగా తగ్గినవారికి కూడా ఇది ప్రమాదకరమే. పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచు చేత ఉత్తచేతులతో కలుపు తీయించడం, ఆకుకూర కోయించడం మానాలి. పిల్లి ఉన్న ఇంట గర్భిణి ఉండరాదని దీని అర్థం కాదు. పిల్లిని తాకినంత మాత్రాన ఈ వ్యాధి రావడం అరుదు. మట్టి చేతులను నోటి వద్దకు తీసుకుపోవడం, సరిగా కడగని పచ్చి ఆకులు తినడం, సరిగా ఉడకని మాంసం తినడం ముఖ్యమైన మార్గాలు. అనుమానం ఉన్నవారు ప్రసూతి వైద్యురాలిని అడిగి రక్తపరీక్ష అవసరమో కాదో తెలుసుకొనవచ్చు.

రెండవది నులిపురుగుల జాతికి చెందిన పురుగుల గుడ్లు. ఇవి మట్టిలో కొన్ని వారాలు ఉన్న తరువాత సోకే స్థితికి వస్తాయి. మన్ను తినే అలవాటున్న పసిపిల్లలకు, ఇసుక కుప్పలలో ఆడుకొనే పిల్లలకు వీటి ముప్పు ఎక్కువ. కొన్ని కొంకిపురుగుల పిల్లదశలు చెప్పులు లేని పాదాల చర్మంలోకి ప్రవేశించి, వంకరటింకర గీతలవంటి దద్దురును, తీవ్రమైన దురదను కలిగిస్తాయి. అటువంటి గీత కనబడితే పసరు పూయడంతో సరిపెట్టక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి.

పిల్లిని తరిమేటపుడు అది కరిచినా, రక్కినా తేలికగా తీసుకొనరాదు. రేబిస్ కుక్క ద్వారానే కాదు, పిల్లి ద్వారా కూడా రావచ్చు. గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి టీకా గురించి అడగాలి.

మలాన్ని తొలగించే పద్ధతి

చేతికి తొడుగు గాని, దళసరి ప్లాస్టిక్ సంచి గాని వేసుకొని, మలాన్ని దాని చుట్టూ ఉన్న పిడికెడు మట్టితో సహా చిన్న పారతో ఎత్తాలి. బావికి, బోరుకు, కూర మళ్ళకు దూరంగా కనీసం అడుగు లోతు గుంటలో పూడ్చాలి. ఆవుపేడ వలె ఇది ఎరువు కాదు; కూరగాయలకు వాడే పెంటకుప్పలో వేయరాదు. పారను కడిగి ఎండలో ఉంచాలి. చేతులను సబ్బుతో కడుక్కోవాలి. ఈ పని గర్భిణులకు, పిల్లలకు అప్పగించరాదు.

మలం కనబడిన మడిలో మట్టిని తడిపి, పైమట్టిని ఒకసారి తిరగవేస్తే వాసన తగ్గుతుంది. సిమెంటు గచ్చు మీద అయితే సబ్బునీటితో రుద్ది కడిగి, తరువాత మరిగే నీరు పోయాలి. ఆ మడిలోని ఆకుకూరలను ఎక్కువ నీటిలో రెండు మూడు మార్లు జాడించి, బాగా ఉడికించి తినాలి. కొత్తిమీర, పుదీనా వంటివి పచ్చిగా పచ్చడికి వాడకుండా కొంతకాలం ఆపడం మంచిది.

నేలను మార్చడమే అసలు మందు

పిల్లిని తరమడం ప్రతిరోజూ చేయవలసిన పని. నేలను ఒకసారి మార్చుకొంటే ఆ శ్రమ తప్పుతుంది. మన పెద్దలు నారుమడి మీద కంప కప్పడంలోని కిటుకు ఇదే.

విత్తనం చల్లిన వెంటనే మడి మీద కందికట్టె గాని, పత్తికట్టె గాని అడ్డంగా, నిలువుగా జాలీ వలె పరచాలి. పిల్లి తిరిగి కూర్చొనేంత ఖాళీ ఎక్కడా ఉండరాదు. మొక్క జానెడు ఎత్తు పెరిగి నేలను కప్పిన తరువాత కట్టెలు తీసివేయవచ్చు. రేగుకంప, తుమ్మకంప కూడా పనిచేస్తాయి గాని, పిల్లలు తిరిగే ఇంట ముళ్ళు లేని కట్టె మేలు.

కోళ్ళ గూటికి వాడే ఇనుప వలను నేల మీద పరచి, అంచులకు రాళ్ళు పెట్టవచ్చు. మొలకలు వల కన్నులలో నుంచి పైకి వస్తాయి, పిల్లి గీకలేదు. ఒకసారి కొన్న వల అనేక పంటలకు వస్తుంది.

పెద్ద మొక్కల మొదళ్ళ వద్ద పెంకు ముక్కలు, గులకరాళ్ళు, ఇటుక ముక్కలు పరచాలి. కొబ్బరి దొరికే చోట కొబ్బరి డొక్కలను బోర్లించి పేర్చితే తేమ నిలుస్తుంది, పిల్లీ రాదు. ఊక, రంపపు పొట్టు వంటి మెత్తని వాటిని మాత్రం పరచరాదు; అవి పిల్లికి మరింత ఇష్టం.

తడినేల పిల్లికి నచ్చదు. పిల్లులు ఎక్కువగా సంధ్యవేళ, రాత్రి, తెల్లవారుజామున తిరుగుతాయి కనుక మళ్ళకు సాయంత్రం నీరు పెట్టడం ఉపయోగకరం. ఖాళీ మడిని ఎండకు వదిలివేయకుండా ఏదో ఒక ఆకుకూర ఒత్తుగా చల్లి ఉంచాలి.

ఇంటి పనికి తెచ్చిన ఇసుక మీద టార్పాలిన్ గాని, కుట్టిన గోనెసంచులు గాని కప్పి, అంచులకు బరువు పెట్టాలి. నెలల తరబడి కుప్పగా ఉన్న ఇసుకలో పిల్లలు ఇళ్ళు కట్టుకొని ఆడతారు; పిల్లులు తమ పని చేసుకొంటాయి. ఈ ఒక్క చోటును కప్పితే చాలా ఇళ్ళలో ఆరోగ్య సమస్య సగం తీరుతుంది.

వాసనలు, సీసాలు, యంత్రాలు

నిమ్మ, బత్తాయి, నారింజ తొక్కల వాసన పిల్లులకు గిట్టదు. మడి అంచున వేయవచ్చు గాని, తొక్క ఎండగానే గుణం పోతుంది. రెండు మూడు రోజులకొకసారి మార్చాలి. వాడిన కాఫీపొడి సంగతీ అంతే. నీలిరంగు నీటి సీసాలను గోడకు వ్రేలాడదీసే ఆచారం చాలా ఊళ్ళలో ఉన్నది. అది పనిచేస్తుందనడానికి ఆధారం లేదు. మనుష్యులకు వినబడని ధ్వని చేసే యంత్రాలు అంగళ్ళలో దొరుకుతున్నాయి. వాటి ఫలితం అందరికీ ఒకేలా లేదు. పిల్లి కనబడినపుడు దాని దగ్గరగా చెంబెడు నీళ్ళు చిమ్మితే చాలు. రాయి విసరనవసరం లేదు. గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా పులి అవుతుందన్న సామెత ఊరికే పుట్టలేదు; తలుపులు మూసి తరమరాదు.

చేయకూడని పనులు

కలరా ఉండలు చల్లడం ప్రమాదకరం. అవి పిల్లికే గాక, మిఠాయి అనుకొని నోట పెట్టుకొనే పసిబిడ్డకూ విషమే. ఫినాయిలు చల్లిన నేల మీద నడిచిన పిల్లి తన పాదాలను నాకుతుంది. ఆ జాతి రసాయనాలను విరిచివేసే శక్తి పిల్లి శరీరానికి చాలా తక్కువ. కారం చల్లితే గాలికి ఇంటివారి కళ్ళలోనే పడుతుంది.

ఎలుకల మందు కలిపిన చేపముక్క పెట్టడం అన్నిటికన్న ఘోరమైన పని. దానిని పిల్లే తింటుందన్న హామీ లేదు. కోడి తినవచ్చు, కుక్క తినవచ్చు, పసివాడి చేతికి దొరకవచ్చు. విషం తిన్న జంతువు బావి ప్రక్కన పడి చావవచ్చు. ఇది నేరం కూడా. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ ప్రకారం, నష్టం కలిగించే ఉద్దేశంతో ఏ జంతువునైనా చంపినా, విషం పెట్టినా, అంగవైకల్యం కలిగించినా 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష గాని, జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా వర్తిస్తుంది. ఇవి కేంద్ర చట్టాలు కనుక కర్ణాటకలో ఉన్నా, తమిళనాడులో ఉన్నా, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలలో ఉన్నా మాట ఒక్కటే.

గోనెసంచిలో కట్టి పొలిమేర దాటించి వదిలిరావడం సరిహద్దు ఊళ్ళలో తరచుగా వినబడే ఉపాయం. పిల్లికి హద్దురాయి తెలియదు. చాలాసార్లు అది తిరిగి వస్తుంది. రాకపోతే దాని చోటుకు మరొక పిల్లి వస్తుంది, ఎందుకంటే నేల మారలేదు. వదిలిన ఊరివారికి అది కొత్త తగవు.

పొరుగువారితో ఎలా మాట్లాడాలి?

మన పెరటిలో చేయగలిగినది చేసిన తరువాతనే మాట ఎత్తడం మర్యాద. కోపం మీద ఉన్న ఉదయం కాక, తీరిక వేళ ఇంటికి వెళ్ళి కూర్చొని చెప్పాలి. మగవారు వీధిలో నిలబడి అనే మాట కన్న, పెరటి గోడ దగ్గర ఆడవారు చెప్పుకొనే మాట త్వరగా పని చేస్తుందన్నది లోకానుభవం. "అక్కా, మా అమ్మాయి పురుటికి వచ్చింది. మీ పిల్లి మా కూరమడిలోకి వస్తున్నది. మేము కట్టె కప్పాము. మీ దొడ్లో దానికొక ఇసుక మూల ఏర్పరిస్తే ఇద్దరికీ బాగుంటుంది" అన్న నాలుగు మాటలు చాలు. ఇందులో నింద లేదు, కారణం ఉన్నది, ఉపాయం ఉన్నది.

అక్క అన్న పిలుపు తెలుగులో, కన్నడంలో, తమిళంలో ఒక్కటే. మరాఠీలో తాయి, ఒడియాలో అపా అంటారు. పిల్లిని కన్నడిగులు బెక్కు అని, తమిళులు పూనై అని, మరాఠీవారు మాంజర్ అని, ఒడియావారు బిలెఇ అని పిలుస్తారు. పొరుగువారి భాషలో ఆ రెండు మాటలతో మొదలుపెడితే వినే చెవి మారుతుంది. "మీవాళ్ళ అలవాట్లే అంత" వంటి మాట మాత్రం ఎన్నటికీ రాకూడదు. తగవు పిల్లి గురించే గాని, భాష గురించి కాదు.

పిల్లికి ఒక మూల, సంతానానికి ఒక హద్దు

పిల్లి యజమాని చేయవలసిన పని సులభమైనది. చూరు క్రింద, సందడి లేని చోట, రెండు మూడు అడుగుల చదరంలో పొడి ఇసుక పోసి, వాన తగలకుండా చూసి, రోజూ శుభ్రం చేస్తే పిల్లి దూరం పోవలసిన అవసరం తగ్గుతుంది. మొదట కొద్దిగా దాని మలం కలిసిన మట్టినే అక్కడ వేస్తే త్వరగా అలవాటు పడుతుంది. యజమాని లేని ఊరపిల్లి అయితే మన పెరటిలోనే కూర మళ్ళకు దూరంగా, పిల్లలు పోని మూల ఇటువంటి చోటు ఏర్పరచి, మిగిలిన నేలనంతా కప్పి ఉంచవచ్చు.

ఆడపిల్లి నాలుగైదు నెలల వయస్సుకే చూలు కట్టవచ్చు. గర్భకాలం రమారమి 63 నుంచి 65 రోజులు. ఏడాదికి రెండు మూడు ఈతలు సాధ్యం. ఒక్క పిల్లిని అదుపు చేయకపోతే సమస్య వీధి మొత్తానికి విస్తరిస్తుంది. సంతాన నిరోధ శస్త్రచికిత్స గురించి దగ్గరలోని పశువైద్యశాలలో విచారించాలి. గండుపిల్లికి చేయిస్తే గోడల మీద మూత్రం చిమ్మే అలవాటు కూడా చాలావరకు తగ్గుతుంది. ఖర్చును రెండు మూడు ఇళ్ళవారు పంచుకొంటే ఎవరికీ భారం కాదు. ధాన్యం నిల్వ ఉండే ఊరిలో ఎలుకలను అదుపులో ఉంచే పిల్లి అవసరం అందరికీ ఉన్నదే.

మాటతో తీరకపోతే

పెద్దమనుషుల ఎదుట, వార్డు సభ్యుని ఎదుట చెప్పడం మొదటి మెట్టు. తరువాత గ్రామ పంచాయతీకి వ్రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. యానాంలో అయితే పురపాలక సంఘానికి ఇవ్వాలి. పొరుగువారికి శిక్ష కోరడం కన్న, అనాథ పిల్లుల శస్త్రచికిత్స, చేపల వ్యర్థాల తొలగింపు వంటి పనులు కోరడం వలన ఫలితం ఉంటుంది. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఫిర్యాదును సమర్పించుకొనే హక్కును రాజ్యాంగంలోని 350వ అధికరణం ఇస్తున్నది. కనుక తెలుగులో వ్రాసి ఇవ్వవచ్చు. ఆ రాష్ట్ర భాషలో ఒక ప్రతి జతచేస్తే పని త్వరగా జరుగుతుంది.

క్లుప్తంగా

మలాన్ని ఏ రోజుకారోజు తీసి పూడ్చాలి. విత్తిన మడిని కట్టెతో గాని వలతో గాని కప్పాలి. ఇసుక కుప్పను మూసి ఉంచాలి. గర్భిణులను, పసివారిని ఆ మట్టికి దూరంగా ఉంచాలి. ఆకుకూరలను బాగా కడిగి ఉడికించాలి. విషం, కలరా ఉండలు వాడరాదు. పొరుగువారితో మెత్తగా, ముందుగా మాట్లాడాలి. కప్పిన మడి వద్దకు పిల్లి ఒక వారం పది రోజులు వచ్చి చూసి, తనకు వీలైన మరొక చోటు వెతుక్కొంటుంది. ఆ మరొక చోటు పిల్లల ఆటస్థలం కాకుండా, ఎవరికీ హాని లేని ఇసుక మూల అయ్యేలా రెండు ఇళ్ళవారూ కలిసి చూసుకొనాలి.